మలేరియా గారి అబ్బాయి

మా నాన్న అసలు పేరు ఊళ్లో సగం మందికి తెలీదు. పోస్టు గారు, కరెంటు గారు ఉన్నట్టే మా నాన్న మలేరియా గారు. నేను మలేరియా గారి అబ్బాయిని. అమ్మకి ఈ పిలుపు బొత్తిగా గిట్టేది కాదు. "పిలవడానికి రోగం పేరే దొరికిందా వీళ్లకి? పేరంటానికెళ్తే మలేరియా గారి ఆవిడొచ్చారు అంటున్నారు" అని విసుక్కునేది. నాన్న నవ్వి ఊరుకునేవారు. ఆయన పనిచేసింది మలేరియా డిపార్టుమెంటులో. అన్ని రోగాల పనీ ఒకే వర్కరు చూసే మల్టీపర్పస్ పద్ధతి వచ్చాక కాగితాల మీద ఆయన హెల్త్ అసిస్టెంట్ అయ్యారు. జనం మాత్రం మార్చలేదు. రిటైరయి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆయన మలేరియా గారే.

మొన్న వానల తర్వాత మా అపార్ట్‌మెంట్ల సందులోకి ఫాగింగ్ బండి వచ్చి పొగ వదిలి వెళ్లింది. పిల్లలు దాని వెనక పరుగులు, పెద్దవాళ్లు బాల్కనీల్లోంచి వీడియోలు. నాన్న ఉండి ఉంటే ముక్కు విరిచేవారు. పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి జనానికి తృప్తి, అంతే. ఆ పొగకి ఎగిరే దోమ చస్తుంది, కుండీ నీళ్లలో ఉన్న దోమపిల్లకి ఏమీ కాదు. వారం తిరిగేసరికి మళ్లీ దోమలే. ఆయన డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్లూ చేసిన పనిలో ఇలా కంటికి కనిపించేది చాలా తక్కువ. అందుకేనేమో దాన్ని ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలనిపించింది.

నాకు ఊహ తెలిసేనాటికి మేం రంపచోడవరం ఏజెన్సీలో ఉన్నాం. నాన్న అప్పట్లో సర్వేలెన్స్ వర్కరు. ఉద్యోగమంటే ఏమిటని అడిగితే, నడిచి వెళ్లి అడగడం అని చెప్పాలి. సుమారు పదివేల జనాభాకి ఒక వర్కరు. ప్రతి గుమ్మానికీ పదిహేను రోజులకోసారి వెళ్లాలి. వెళ్లి అడగవలసినవి మూడు ముక్కలు: ఇంట్లో ఎవరికైనా ఇప్పుడు జ్వరముందా? ఈ పదిహేను రోజుల్లో వచ్చి తగ్గిందా? బయటూరి నుంచి చుట్టాలెవరైనా జ్వరంతో వచ్చారా? లేదంటే పక్కింటికి. ఉందంటే అరుగు మీద కూర్చుని సంచి విప్పడం. మైదానంలో అయితే సైకిలు. ఏజెన్సీలో ఒక గూడేనికీ ఇంకో గూడేనికీ మధ్య వాగులు, గుట్టలు. సైకిలు ఏ టీ కొట్టు దగ్గరో ఆనించేసి కాలినడకే.

గుమ్మం పక్క గోడ మీద అచ్చు వేసిన గడులు ఉండేవి. నాన్న వచ్చినప్పుడల్లా ఆ గడిలో తేదీ వేసి పొట్టి సంతకం పెట్టేవారు. పై అధికారి తనిఖీకి వస్తే ఆఫీసు రిజిస్టరు కాదు, మొదట ఆ గోడ చూసేవాడు. రిజిస్టరు ఇంట్లో కూర్చుని నింపొచ్చు, గోడ మీద రాయాలంటే కొండెక్కాలి కదా. ఆ పద్ధతి కనిపెట్టినవాళ్లెవరో గానీ మనుషుల్ని బాగా ఎరిగినవాళ్లు.

ఖాకీ గుడ్డ సంచిలో స్పిరిట్ సీసా, దూది, సూది, స్లైడ్ల పెట్టె, క్లోరోక్విన్ అనే మలేరియా మాత్రల డబ్బా, ఒక పెన్సిలు. జ్వరమున్న మనిషి ఎడం చేతి ఉంగరం వేలు స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, ఒక్క పోటు. మొదటి చుక్క తుడిచేయాలి. తర్వాత మూడు చుక్కలు పక్కపక్కన పెట్టి ఇంకో స్లైడు మూలతో గుండ్రంగా కలిపితే మందం పూత. పక్కనే ఒక చుక్కని స్లైడు అంచుతో లాగితే పల్చటి పూత. ఆ పల్చటి పూత ఆరాక దాని మీదే పెన్సిలుతో నంబరు రాసేవారు. రక్తం మీద పెన్సిలుతో రాయడం నాకు ఎంత వింతగా ఉండేదో! ఇది ఎందుకంటే, మందం పూతలో పురుగు ఉందా లేదా అన్నది త్వరగా తెలుస్తుంది, పల్చటి దాంట్లో ఏ రకమో తెలుస్తుంది.

వాన రోజుల్లో స్లైడ్లు ఆరకపోతే ఇంటికి తెచ్చి వసారాలో బల్ల మీద పరిచేవారు. వాటికి గండం చీమలు, ఈగలు. ఆరిన రక్తాన్ని శుభ్రంగా తినేసి పోయేవి. పొద్దున్న చూస్తే ఉత్త గాజు ముక్క. మళ్లీ ఆ కొండెక్కి ఆ మనిషి వేలే పొడవాలి. అందుకని అమ్మ బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టింది. నాలుగో రోజో అయిదో రోజో నాన్న వంగి చూస్తే ఆ గిన్నెల్లో దోమపిల్లలు! మలేరియా గారి ఇంట్లో దోమల పెంపకం అని ఆయన తలబాదుకోవడం, ఆవిడ ఆ గిన్నెల్లో కిరసనాయిలు చుక్కలు వేసి, "మీ డిపార్టుమెంటు ఇస్తుందా ఈ నూనె డబ్బులు?" అని అడగడం. అంతకంటే గట్టిగా వాళ్లిద్దరూ పోట్లాడుకోగా నేను చూడలేదు.

దోమల్ని గుర్తుపట్టడం నాకు అక్షరాలతో పాటే వచ్చింది. గోడ మీద వాలినప్పుడు ఒళ్లు ఏటవాలుగా, తోక పైకెత్తి ఉంటే మలేరియాది. గోడకి సమానంగా గూని వంచుకుని కూర్చుంటే క్యూలెక్స్, బోదకాలుది. నీళ్లలో పిల్లకి కూడా అంతే తేడా. మలేరియా దోమపిల్ల నీటి పైన అడ్డంగా పడుకుంటుంది, క్యూలెక్స్ పిల్ల తలకిందులుగా వేలాడుతుంది. మురికి కాలవలో మలేరియా దోమ ఉంటుందనుకోవడం పట్నం వాళ్ల భ్రమ అనేవారు నాన్న. ఏజెన్సీలో అది తేట వాగుల్లో, మెల్లగా పారే నీళ్ల అంచున గడ్డిలో పుడుతుంది. చూడముచ్చటైన నీళ్లలోంచే చలిజ్వరం వచ్చేది.

నాకూ వచ్చింది. మధ్యాహ్నం బళ్లో పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఎండలో కూర్చోబెట్టినా వణుకే. ఇంటికొచ్చాక ఉన్న దుప్పట్లన్నీ కప్పి అమ్మ పైన పడుకుంది. కాసేపటికి ఒళ్లు పెనం. ఆ తర్వాత చెమటలు కారి అంతా తేటపడిపోయి ఆకలి. నాన్న సాయంత్రం వచ్చి, సంచి విప్పి, ఊళ్లోవాళ్లకి చేసినట్టే నా వేలు పొడిచి, పెన్సిలుతో నంబరు వేసి, ఫారంలో నా పేరు రాశారు. వయసుకి తగ్గట్టు క్లోరోక్విన్ మింగించారు. ఆ చేదు ఇప్పటికీ నాలిక మీద ఉంది. బెల్లం ముక్క పెడితే బెల్లమే చేదయ్యేది. రిపోర్టు మాత్రం అందరి స్లైడ్లతో పాటే వెళ్లి, అందరి రిపోర్టులతో పాటే వచ్చింది. "సొంత కొడుక్కైనా ముందు చూపించుకోలేరా?" అని అమ్మ. "వరస నంబరు తప్పితే ల్యాబులో గందరగోళం" అని ఈయన. పాజిటివ్ వచ్చింది. అయిదు రోజులు ప్రైమాక్విన్. దాన్ని ఎదురుగా నిలబడి మింగించాలని నియమం, రోజూ నిలబడే మింగించారు.

అదే ఏడు సెలవుల్లో పీహెచ్‌సీ ల్యాబుకి తీసుకెళ్లారు. టెక్నీషియన్ గారు మంచాయన. స్లైడుని ఎర్ర రంగులో ఇట్టే ముంచి తీసి, నీళ్లలో జాడించి, నీలం రంగులో కాసేపు ఉంచి, మళ్లీ కడిగి ఆరబెట్టేవారు. జేఎస్‌బీ రంగులంటారు వాటిని. మన దేశంలో తయారైన పద్ధతే. ఒక చుక్క నూనె వేసి మైక్రోస్కోపు కింద పెట్టి, నన్ను స్టూలెక్కించి చూడమన్నారు. మొదట లేత నీలం మసక తప్ప ఏమీ కనపడలేదు. పక్కన నిలబడి గుండ్రటి మర మెల్లగా తిప్పుతుంటే ఒక్కసారిగా తేలింది, సన్నటి నెలవంక. ఫాల్సిపారం అనే రకం మలేరియా ముదిరితే అలా నెలవంకలు కనిపిస్తాయట. ఎంత అందంగా ఉందో చెప్పలేను. "అది మెదడుకెక్కితే మనిషి దక్కడు" అన్నారాయన, స్లైడు తీసి పక్కన పెడుతూ.

నాన్నకి ఇష్టమైన కథ ఒకటుంది. రాత్రి అన్నాలయ్యాక ఎవరైనా కొత్తవాళ్లు దొరికితే చెప్పేవారు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకీ ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమల పొట్టలు కోసి చూసిన కథ. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పురుగు కనిపించింది. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. "మరి ఖాన్‌కి?" అని అడిగేవారు నాన్న, ఎవరూ జవాబు చెప్పలేరని తెలిసీ.

ఏటా రెండు విడతలు మందు కొట్టే బృందం దిగేది. అది మాకు తిరణాలే. డీడీటీ బస్తాలు, బకెట్లు, స్టిరప్ పంపులు. ఒకడు బకెట్లో పంపు నిలబెట్టి కాలితో తొక్కిపట్టి చేత్తో కొడుతూ ఉంటే, రెండోవాడు పొడవాటి గొట్టం పట్టుకుని గోడకి రెండు జానల దూరంలో పైనుంచి కిందికి, కిందనుంచి పైకి పట్టీలు పట్టీలుగా చల్లుకుంటూ పోయేవాడు. కిలో పొడికి పది లీటర్ల నీళ్లు. ముందురోజే చాటింపు వేసి చెప్పేవారు. అయినా ఆ పొద్దున్న ప్రతి ఇంట్లో హడావిడే. జొన్నలు, కుండలు, తట్టలు, చంటిపిల్ల ఊయల, కోళ్ల గంప అన్నీ వాకిట్లోకి. ఆరితే గోడంతా తెల్లటి పొడ. దోమ రక్తం తాగి ఒళ్లు బరువెక్కి గోడ మీద వాలితే కాళ్లకి ఆ మందు అంటుకుని చావాలి. అదీ లెక్క.

లెక్క చెడేది పండగల దగ్గర. వెదురు తడికల మీద మెత్తిన మట్టి గోడలు అవి. మందు కొట్టిన పది రోజులకి ఏ పండగో వస్తుంది, ఇల్లాలు ఎర్రమట్టితో చక్కగా అలికేస్తుంది. రెండున్నర నెలలు పనిచేయాల్సిన మందు మట్టి కింద సమాధి. నాన్న వాళ్లని ఒక్క మాట అనేవారు కాదు. అధికారులు పండగల పంచాంగం చూసుకుని విడత వేసుకోవాలి గానీ, మందు కోసం పండగ మానుకొమ్మని చెప్పడం ఏం న్యాయం అనేవారు. జనం ఫిర్యాదు ఇంకోటి: "మొదట్లో మీ మందుకి నల్లులు సచ్చేవి బాబూ, ఇప్పుడు సావట్లేదు. ఎందుకు కొట్టడం?" నల్లులు చావడం మానేశాక సగం ఇళ్లవాళ్లు లోపలి గది తలుపు తీసేవారు కాదు. దోమ చచ్చిందో లేదో ఎవరికి కనిపిస్తుంది గనక!

నాన్న మనసులో ఒక మంట ఉండేది. అది 1965. స్వతంత్రం వచ్చిన కొత్తల్లో దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది పోయేవారని అంచనా. 1953లో అదుపు చేసే పథకం పెట్టారు. అది బాగా నడిచేసరికి 1958లో ఏకంగా నిర్మూలన అన్నారు. 1965 నాటికి కేసులు లక్షకి దిగాయి, చావులు లేవన్నారు. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్త అది. ఇంకేముంది, పోయిందన్నారు. స్టాఫుని అటూ ఇటూ సర్దారు, స్లైడ్లు పేరుకుపోయాయి, చూసే నాథుడు లేడు. 1976కి దేశంలో 64 లక్షల కేసులు. "పోయిందనుకున్న రోజు నుంచే దాని కోసం ఎక్కువ తిరగాలిరా" అనేవారు. నిజానికి దోమలు డీడీటీకి అలవాటు పడిపోవడం, మందు వేళకి అందకపోవడం కూడా కారణాలే. ఆ మాట నేను అంటే ఒప్పుకునేవారు కాదు. ఆయన దృష్టిలో తిరిగే కాళ్లు ఆగిపోవడం ఒక్కటే కారణం.

తిరిగే పనికి ఫలితం కళ్లారా చూసింది మశూచి విషయంలో. సంచిలో ఒక కార్డు ఉండేది, ఒళ్లంతా పొక్కులున్న పసిపిల్ల ఫోటో. నాకు అదంటే హడలు. జ్వరం గురించి అడిగాక ఆ కార్డు చూపించి, "ఇలా ఎవరికైనా అమ్మవారు పోసిందా?" అని కూడా అడగాలి. కేసు చూపినవారికి వెయ్యి రూపాయల బహుమతి. వెయ్యంటే ఆ రోజుల్లో మాటలా! ఊళ్లో ఏ పిల్లాడికి ఆటలమ్మ పోసినా నలుగురు పరిగెత్తుకొచ్చేవారు. ప్రతిదానికీ నాన్న వెళ్లి చూసి, చికెన్‌పాక్స్ అని తేల్చి, అది రాసి పంపాల్సిందే. బయటినుంచి రాకుండా మన దేశంలోనే అంటుకున్న చివరి కేసు 1975 మేలోనే అయిపోయింది. అయినా ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉన్నారు. 1977లో మశూచి లేని దేశమని ప్రకటించారు. నా చేతి మీద టీకా మచ్చ ఉంది, మా ఆఖరి తమ్ముడికి లేదు. నాన్న డిపార్టుమెంటు గొప్ప చెప్పాలంటే మా ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి చూపించేవారు.

నేను హైస్కూలుకొచ్చేసరికి కోనసీమకి బదిలీ అయింది. వాగుల బదులు కాలవలు, కొండల బదులు కొబ్బరితోటలు. ఇక్కడ అసలు శత్రువు బోదకాలు. రాజమండ్రిలో ఫైలేరియాకి, అంటే ఈ బోదకాలుకే, కేంద్ర ప్రభుత్వం శిక్షణ కేంద్రం ఉంది. నాన్న అక్కడ కొన్నాళ్లు ఉండి నేర్చుకొచ్చారు. వచ్చాక మా ఇంట్లో వేళలు తారుమారయ్యాయి. ఎందుకంటే ఈ బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి చర్మం కింద రక్తంలోకి వస్తాయి. పగలు స్లైడు తీస్తే ఏమీ దొరకదు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక మొదలెట్టి అర్ధరాత్రి దాకా తీయాలి.

ఊరు మాటుమణిగాక పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ఇద్దరు ముగ్గురు మనుషులు తలుపులు తడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కుక్కలు ఒకటే మొరుగు. "ఏటండి బాబూ, పగలు రాకూడదేటండి, దొంగల్లాగ ఈ ఏళప్పుడు?" అని నిద్రమొహాలతో తిట్లు. "రగతం లాగేసి పట్నంలో అమ్ముకుంటన్నారంటండి" అని ఇంకో పుకారు. నాన్న అరుగు మీద కూర్చుని ఓపిగ్గా, పురుగు పగలెక్కడుంటుందో, రాత్రెందుకొస్తుందో మొత్తం చెప్పేవారు. సగం ఊరికి ఆ పురుగు దినచర్య కంఠతా వచ్చేసింది. లైటు పట్టుకోవడానికి నేనూ కొన్నిసార్లు వెళ్లాను. ఒకచోట ఎవరో అనుమానంగా చూస్తున్నారని, టెక్నీషియన్ అక్కడికక్కడే పచ్చి చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూపించాడు. వెంట్రుకలో వెయ్యోవంతేమో అనిపించే పురుగు రక్తకణాల్ని అటూ ఇటూ నెట్టుకుంటూ మెలికలు తిరుగుతోంది. చూసినాయన నోట మాట లేదు. లోపలికెళ్లి పెళ్లాం పిల్లల్ని లేపుకొచ్చి వరసగా వేళ్లు చాపించాడు.

ఇంకో ఇంట్లో తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల పెళ్లీడు పిల్ల ఉంది, కాలు కాస్త వాచి ఉందని అందరికీ తెలుసు, పరికిణీ నేలకి జీరాడేలా కట్టి తిప్పుతున్నారు. రక్తం తీశారంటే బోద ఉందని ఊరికి తెలుస్తుంది, సంబంధం తప్పిపోతుంది. "మా పిల్ల పడుకుందండి. మాకేం లేదండి" అంటోంది. నాన్న వెనక్కి వచ్చేశారు. మర్నాడు అమ్మని పంపారు, ఏదో పచ్చళ్ల మాట వంకతో. ఆ పైవారం రాత్రి మా ఇంటి పెరటి గుమ్మంలోకే ఆ తల్లీకూతుళ్లు వచ్చారు. స్లైడు తీసింది నేను పట్టుకున్న దీపం దగ్గరే. ఎవరితోనైనా అన్నావంటే తోలు తీస్తానని నాకు చెప్పి మరీ తీశారు. మాత్రలు పేపరు పొట్లంలో కట్టి అమ్మ చేతే పన్నెండు రోజులూ ఇప్పించారు. కాలు వాపు పెద్దగా పెరగలేదు. వాచిన కాలు మాత్రతో మామూలవదు, ఆ సంగతి నాన్న దాచేవారు కాదు. మాత్ర ఎందుకంటే రక్తంలో పురుగు లేకపోతే దోమ ఇంకొకళ్లకి మోయదు. రోజూ సబ్బుతో కాలు కడిగి పొడిగా తుడుచుకోమని, వేళ్ల సందుల్లో పుండు పడనివ్వొద్దని అదే ఎక్కువసార్లు చెప్పారు.

ఆ మాత్ర పేరు డైఇథైల్‌కార్బమజీన్. పలకలేక హెట్రజాన్ అనేవారు. దాని వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1940ల్లో అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం దాన్ని తయారుచేసింది. గోదావరి అవతల పుట్టినాయన అమెరికా వెళ్లి చేసిన మాత్ర గోదావరి ఇవతల మనవాళ్లు పారబోసుకుంటున్నారని నాన్న బాధ. పారబోయడానికీ కారణముంది. పురుగు ఉన్నవాళ్లకి మాత్ర పడగానే అవి చచ్చి, ఒక రోజు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. ఏ నలతా లేని మనిషి మాత్ర వేసుకుని మంచమెక్కితే మళ్లీ వేసుకుంటాడా? అందుకే నాన్న ముందే చెప్పేవారు, "రేపు జ్వరమొస్తే మీ ఒంట్లో పురుగులున్నట్టండి, కంగారు పడకండి, నేను పొద్దున్నే వస్తాను" అని. చెప్పినట్టు పొద్దున్నే వెళ్లేవారు. ఆ పొద్దున్న వెళ్లడంలోనే ఉందంతా.

బావుల్లో బ్లీచింగ్ వేసే పని నాకు బాగా దగ్గర. దానికి లెక్కలు కావాలి, నాన్నకి లెక్కలంటే భయం. వెడల్పు తాడుతో కొలిచేవారు, లోతు రాయి కట్టి వదిలి కొలిచేవారు. మీటర్లలో చెబితే నేను పలక మీద 3.14 పెట్టి వెడల్పుని వెడల్పుతో, ఆపైన నీటి లోతుతో హెచ్చవేసి నాలుగో వంతు తీసి, వెయ్యితో హెచ్చవేసేవాణ్ణి. రెండు మీటర్ల బావిలో మూడు మీటర్ల నీళ్లుంటే 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల లెక్కన పాతిక గ్రాముల లోపే పొడి. ఇంతేనా అనిపించేది. వరదలప్పుడు ఎక్కువ పడుతుంది. పొడి నేరుగా బావిలో కుమ్మరించకూడదు. బకెట్లో కొద్ది నీళ్లతో పేస్టులా కలిపి, తర్వాత నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట వేరే బకెట్లోకి ఒంపి, దాన్ని బావిలోకి దించి పైకీ కిందికీ గట్టిగా కుదపాలి. జనం తోడుకోవడం అయ్యాక రాత్రి వేస్తే మంచిది. పొద్దున్న నీళ్లు గాజుగొట్టంలో పట్టి క్లోరిన్ ఉందో లేదో చూపించే ఆర్థోటాలిడిన్ మందు చుక్క వేస్తే పసుపు రంగు తేలాలి. పసుపు రాలేదా, మళ్లీ వెయ్యాలి.

కోనసీమ ఇల్లాళ్లు ఊరుకుంటారా! "మీ మందు నీళ్లతో కందిపప్పు ఉడకట్లేదండీ మలేరియా గారూ, కాఫీ నోట్లో పెట్టుకోలేకపోతన్నాం" అని తగాదా. ఒకావిడ చేద దాచేసింది. 1986 ఆగస్టు వరద తర్వాత మాత్రం ఎవరూ నోరెత్తలేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన పారింది ఆ వరద. లంక ఊళ్లు మునిగి, బావుల్లోకి ఏం కొట్టుకొచ్చిందో చెప్పలేం. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నా. నాన్న, ఆయనతో ఇంకో ముగ్గురు, పడవల మీద బ్లీచింగ్ బస్తాలేసుకుని ఊరూరూ తిరిగారు. నేనూ వెళ్లాను, పలక లేకుండానే నోటిలెక్కలు కట్టడానికి. ఆయన చేతుల చర్మం ఊడిపోయి, కళ్లు ఎర్రబడి, బట్టలన్నీ తెల్లగా చిల్లులు పడిపోయాయి. ఒక ఊళ్లో ఆ చేద దాచిన ఆవిడే ఎదురొచ్చి, "ముందు మా బావిలో ఎయ్యండి బాబూ" అంది. మేం తిరిగిన ఊళ్లలో ఆ వారాల్లో వాంతులు, విరేచనాలతో ఎవరూ పోలేదు. పోలేదు కాబట్టి దాని గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు కూడా.

కుటుంబ నియంత్రణ టార్గెట్ల గురించి ఎక్కువ రాయను. గోడల మీద ఎర్ర త్రికోణం, మార్చి నెల వచ్చిందంటే ఇంట్లో అందరికీ గుబులు. ఇన్ని ఆపరేషన్ కేసులు తేకపోతే జీతం ఆపేస్తామని పైవాళ్ల బెదిరింపులు; ఒకసారి నిజంగానే ఆపారు కూడా. అంతవరకూ తలుపు తీసి మంచినీళ్లిచ్చిన ఇళ్లవాళ్లు ఆ రోజుల్లో నాన్న సైకిలు చూస్తే పొలానికి పోయేవారు. కొన్నేళ్లు నడిచి సంపాదించుకున్న నమ్మకాన్ని ఒక్క సర్క్యులరు ఎలా తినేస్తుందో చూశాను. జ్వరం అడగడానికి వెళ్తే కూడా ఆపరేషన్ కోసం వచ్చాడనుకునేవారు. అది మళ్లీ మామూలవడానికి చాలా కాలం పట్టింది.

నాన్న రిటైర్మెంటు దగ్గరలో పల్స్ పోలియో వచ్చింది. 1995 డిసెంబరు 9, దేశమంతా ఒకే రోజు. అరవైకి దగ్గర పడ్డ వయసులో కుర్రతనం వచ్చిందని అమ్మ వేళాకోళం చేసేది గానీ, నాన్న ఆ పొద్దున్న పెళ్లికొడుకులా తయారయ్యారు. ఐసు ప్యాకుల మధ్య వ్యాక్సిన్ పెట్టిన నీలం డబ్బా భుజాన. ఆయన సర్వీసులో మొదటిసారి, తలుపు తట్టకుండా జనమే వరసకట్టి రావడం చూశారు. మైకులు, తోరణాలు, సర్పంచి గారి చేత మొదటి చుక్క. సాయంత్రం ఇంటికొచ్చి, "అందరూ వచ్చారు. రాని వాళ్లెవరో రేపు చూడాలి" అన్నారు. ఆయనకి వచ్చినవాళ్ల మీద కంటే రానివాళ్ల మీదే ధ్యాస.

రిటైరయ్యాక 2004లో బోదకాలుకి ఊరందరికీ మాత్రలిచ్చే కార్యక్రమం మొదలైనప్పుడు మా ఇంటికి ఒక ఏఎన్ఎం అమ్మాయి వచ్చింది. పెద్దవాళ్లకి మూడు మాత్రలని చేతిలో పెట్టి, వెళ్లబోతుంటే నాన్న ఆపారు. "ఎదురుగా మింగించకుండా వెళ్తావేంటమ్మా? తిన్నారా లేదా అడిగావా? ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు, రెండేళ్ల లోపు పిల్లలు ఉన్నారా అడిగావా?" ఆ పిల్ల బెదిరిపోయింది. ఆయన మింగి, అమ్మ చేత మింగించి, మా ఆవిడకి ఇచ్చి, గ్లాసు బోర్లించి చూపించారు. ఆ పిల్లకి కాఫీ ఇచ్చి పంపాం.

దేశంలో సహజంగా తిరిగే వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చిలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ వార్త ఉన్న పేపరు నాన్న మడిచి దాచుకున్నారు. తర్వాతి ఏడు జనవరిలో ఆదివారం మళ్లీ చుక్కల బూత్ పెట్టారని తెలిసి మా పక్కింటాయన, "ఇంకా ఎందుకండీ మాస్టారూ, పోయిందన్నారుగా, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు" అన్నాడు. నాన్న కర్ర అందుకుంటూ, "1965లో మాకూ ఇలాగే చెప్పారు" అన్నారు. అని, మా చిన్నాడి చెప్పులు ఎక్కడున్నాయని కేకేశారు. వాడు రానని స్తంభం పట్టుకుని ఏడుస్తుంటే, పక్కింటి పిల్లని కూడా తీసుకురమ్మని ఆయనకే పురమాయించి, ఇద్దర్నీ నడిపించుకుంటూ బూత్‌కి వెళ్లారు.